తీగకు కాపలా

గుమ్మం పక్కన కొక్కేనికి వంకరగా వేలాడుతున్న మొగుడి కోటును సరిగ్గా తగిలిద్దామని డొలీనా చెయ్యి వేసింది. అప్పుడు తగిలింది వాసన. పొయ్యి మీద ఏమైనా మాడుతోందేమోనని వంటింట్లోకి తొంగిచూసింది. కీమా సన్నటి సెగ మీద బుద్ధిగా ఉడుకుతోంది. మళ్ళీ వచ్చి కోటుకు ముక్కు ఆనించింది. కాలిన ప్లాస్టిక్ వాసన.

అది మామూలు కోటు కాదు. లోపల అస్తరు పొడవునా సన్నటి తీగలు కుట్టి ఉంటాయి. నడుం దగ్గర తోకలా వేలాడే వైరును మోటార్‌ సైకిలు బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు తగిలిస్తే ఒళ్ళంతా వెచ్చబడుతుంది. దానికి జతగా చేతితొడుగులు ఉన్నాయి, ఈ మధ్యే ప్యాంటు కూడా వచ్చింది. జనవరిలో ఉత్తరపు కొసన ఉన్న విక్ ఊరి నుంచి దక్షిణానికి బండి మీద వెళ్ళేవాళ్ళకు అవి లేకపోతే జరగదు. యాంగస్‌కు అసలే జరగదు. బతుకంతా పలకరాతి క్వారీలో డ్రిల్లు పట్టిన చేతులవి. కాస్త చలి సోకితే చాలు, వేళ్ళు తెల్లగా పాలిపోయి, బ్రేకు పట్టుకున్నదీ లేనిదీ మనిషికే తెలియదు.

డొలీనా అస్తరు తిరగేసింది. ప్లగ్గు ఆనే చోట బిళ్ళంత గోధుమరంగు మచ్చ కనిపించింది. వేలితో గోకితే పెళుసుగా రాలింది.

ఆవిడ షెడ్డులోకి వెళ్ళింది. బండి సీటు పక్కన రబ్బరు మూత కింద ఫ్యూజు ఉంటుందని ఆవిడకు తెలుసు. ఆయన బండి నడిపే సంఘం వాళ్ళు వైరు ఇచ్చినప్పుడు దానిలో ఎర్రది ఉండేది, పది ఆంపియర్లది. మూత లాగి చూస్తే పసుపుది ఉంది. దాని నెత్తిన ఇరవై అని అచ్చేసి ఉంది.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ డొంకతిరుగుడు పెట్టుకోలేదు.

"కోటు మాడింది, యాంగస్."

"మాడలేదు. రంగు మారింది."

"నేను రొట్టె మాడిస్తే కూడా రంగు మారిందనే అంటావా?"

"అనను. నోర్మూసుకుని తింటా. పెళ్ళయిన కాణ్ణించీ అదేగా చేస్తున్నా."

"పసుపుది ఎందుకు పెట్టావ్?"

యాంగస్ బంగాళాదుంపను ఫోర్కుతో నలుపుతూ కూర్చున్నాడు. తినే ఉద్దేశం ఉన్నట్టు లేదు. "ఎర్రది ఆగట్లేదు. కోటు, చేతితొడుగులు, ప్యాంటు మూడూ వేస్తే టప్పున పోతోంది. పోతే ఆగాలి. ఆగితే కెటిల్ దగ్గరికే."

కెటిల్ సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. శని, ఆదివారాల్లో ఆస్పత్రి వ్యాను తిరగదు. అప్పుడు రక్తం, మందులు, తల్లిపాలు, ఏది కావాలన్నా మోసేది ఈ స్వచ్ఛంద సంఘం బండ్లవాళ్ళే. జీతం లేదు, బత్తెం లేదు, ఉన్నదల్లా మర్యాద. ఆ మర్యాద మీదే ఈ చలికాలం అధ్యక్షుడు గోర్డన్ బడ్జ్ ఒక కొత్త కట్టడి పెట్టాడు. దారిలో రెండుసార్లు ఆగిపోయినవాడు ఇక బండి ఎక్కకూడదు, హాల్లో టీ కెటిల్ చూసుకోవాలి. "అవతల పసిబిడ్డ ఎదురుచూస్తుంటే మనం సాకులు చెప్పకూడదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. యాంగస్ కూడా కొట్టాడు. కొట్టిన వారానికే ఎర్ర ఫ్యూజు పోయి, చేతులు చచ్చుబడి, రోడ్డు పక్కన ఆగిపోయాడు. గోర్డన్ ఏమీ అనలేదు. భుజం తట్టి, "వయసు అందరికీ వస్తుందిలే" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ భుజం తట్టడం యాంగస్‌కు ఇప్పటికీ అరగలేదు.

"ఒకసారి అయిపోయింది. ఇంకొక్కటే ఉంది నాకు" అన్నాడు యాంగస్.

"ఒళ్ళు కాలితే అది ఏ లెక్కలోకి వస్తుంది?"

"కాలదులే. నువ్వు ఊరికే భయపడతావ్."

ఊరికే భయపడటం డొలీనాకు అలవాటే. ఆయన బండి ఎక్కిన ప్రతిసారీ, తిరిగి షెడ్డు తలుపు చప్పుడయ్యేదాకా, ఆవిడ ఇంట్లో ఏ పనీ పూర్తి చెయ్యదు. కానీ ఈసారి భయానికి వాసన కూడా ఉంది.

మర్నాడు ఆవిడ ట్రాక్టరు విడిభాగాలు అమ్మే బ్రెమ్నర్ కొట్టుకు వెళ్ళింది. చేతిసంచీలో సంఘం ఇచ్చిన వైరు ఉంది. నడిపేవాళ్ళకొకటి, వెనక కూర్చునేవాళ్ళకొకటి అని రెండు ఇస్తే, ఆవిడ వంతుది మడత కూడా విప్పకుండా సొరుగులో పడి ఉంది. బ్రెమ్నర్ దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు.

"దీనికి ఏం తగిలిస్తున్నాడు మీ ఆయన?"

"కోటు, చేతులు, ప్యాంటు."

"కోటుకు ఆరు. చేతులకు రెండు పైచిలుకు. ప్యాంటుకు మూడున్నర. ఎంతయింది?" తనే లెక్కేసుకున్నాడు. "పదకొండు దాటింది. పది ఎలా ఆగుతుంది? పోతుంది. పోవాలి కూడా."

"అయితే ఇరవైది పెట్టుకుంటే తప్పేంటి?"

బ్రెమ్నర్ కళ్ళద్దాల మీదుగా చూశాడు. "డొలీనా, అందరూ ఇక్కడే బోల్తా పడతారు. బట్టలు ఎంత అడుగుతున్నాయా అని చూసి ఫ్యూజు పెడతారు. ఫ్యూజు బట్టలకు కాపలా కాదమ్మా, తీగకు కాపలా. ఈ తీగ సన్నం. దీనికి పదే. పదికి మించి పెట్టావనుకో, ఫ్యూజు బతుకుతుంది, తీగ చస్తుంది."

"తీగ చస్తే ఏమవుతుంది?"

"ముందు ప్లగ్గు కరుగుతుంది. అది ఎక్కడ ఆనుకుని ఉంటే అక్కడ కాలుతుంది." గల్లా కింద నుంచి ఒక ఎర్ర ఫ్యూజు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "లావు తీగ వేసుకుంటే పదిహేను పెట్టుకోవచ్చు. వెయ్యనా? గంట పని."

వేయించుకోవాలంటే గోర్డన్‌కు చెప్పాలి. వైర్లన్నీ ఒకే రకంగా ఉండాలని, ఎవరి బట్టలు ఎవరి బండికైనా తగలాలని సంఘం మొత్తానికి ఏరి కొన్నది ఆయనే. ఎందుకు మారుస్తున్నావని అడుగుతాడు. అడిగితే ఫ్యూజు సంగతి బయటపడుతుంది. డొలీనా ఇంటికొచ్చి చెప్పిందంతా విని యాంగస్ అదే అన్నాడు.

"పోనీ ప్యాంటు ఇంట్లో పెట్టు. కోటు, చేతులు ఎర్రదాని మీద ఆగుతాయట" అంది ఆవిడ.

"తొడల్లోంచి చలెక్కితే చేతులు ఎంతసేపు నిలుస్తాయి? బ్రెమ్నర్‌కేం, హీటరు ముందు కూర్చుని లెక్కలు చెబుతాడు."

"మరి ఏం చేస్తావ్?"

"ఏం చెయ్యను. బండి నడుపుతా."

మగాడి పట్టుదలకు ఇంట్లో ఏ ఫ్యూజూ ఉండదు. డొలీనా ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పసుపుది ఉంటే కాలుతుంది. ఎర్రది పెడితే బెరిడేల్ లోయ దిగేచోట, ఆ వంపుల్లో, చేతులు చచ్చుబడితే? మంచు పట్టిన రోడ్డు మీద బ్రేకు అందకపోతే? ఆవిడ రెండింటినీ తూచింది. చలి చెప్పి వస్తుంది, ఆపుకుని దిగొచ్చు. నిప్పు చెప్పి రాదు. తెల్లవారే ముందు ఆవిడ తేల్చుకుంది.

శనివారం మధ్యాహ్నం యాంగస్ బార్లీ సూప్ తాగుతుండగా ఆవిడ బొగ్గుల వంకతో షెడ్డులోకి వెళ్ళి పసుపు ఫ్యూజు లాగేసి ఎర్రది నొక్కింది. రబ్బరు మూత పెట్టేసి, పసుపుది ఏప్రను జేబులో వేసుకుంది. లోపలికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

విక్‌లో ఒక తల్లి జ్వరంతో మంచం పట్టింది. నెలలు నిండకుండా పుట్టిన ఆమె బిడ్డ దూరాన ఇన్వర్నెస్ ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంది. ఆమె పాలు అక్కడికి చేరాలి. యాంగస్ వాటిని గోల్‌స్పీ దాకా తీసుకెళ్ళి, అక్కడికి ఎదురొచ్చే ఇన్వర్నెస్ మనిషికి అందించాలి.

ఆయన ఒక్కొక్కటే తొడుక్కున్నాడు. ముందు ప్యాంటు, తరవాత కోటు, చివర చేతితొడుగులు. డొలీనా కాలరు సరిచేసింది. చెప్పాలనుకుంది. చెబితే మార్చేస్తాడు. చెప్పకపోతే దారిలో చస్తాడేమో. నోరు తెరిచి, "జాగ్రత్త" అంది.

"ఎప్పుడూ అదే మాట" అంటూ ఆయన షెడ్డులోకి నడిచాడు. కాసేపటికి గానీ బండి చప్పుడు వినిపించలేదు. చప్పుడు వీధి చివర మలుపు తిరిగిందో లేదో ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కడగబోయి కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. కిటికీలోంచి చూస్తే సముద్రం మీద మబ్బు దిగుతోంది. మూడు దాటితే చీకటి. తను ఏం చేసింది? ఆయన చేతుల్ని ఆయనకు చెప్పకుండా తీసేసింది. ఆవిడ ఏప్రను కూడా విప్పకుండా కారు తాళాలు అందుకుంది.

దారి పొడవునా ఎడమవైపు బూడిదరంగు సముద్రం, కుడివైపు మంచు పట్టిన బీడు. ముందు వెళ్ళే ప్రతి ఎర్రదీపం ఆయనదే అనుకుంది. దగ్గరికెళ్తే లారీ. మళ్ళీ ఇంకోటి. "దేవుడా, ఆపు. వంపుల దాకా పోనివ్వకు, ముందే ఆపు" అనుకుంది పైకే. ఆయన ఆగితే ఆయన మర్యాద పోతుంది. అయినా అదే కోరుకుంది.

బెరిడేల్ దిగే ముందు రోడ్డు పక్క జాగాలో బండి కనిపించింది. పడిపోలేదు. స్టాండు మీద నిలబడే ఉంది. దాని పక్కన యాంగస్ మోకాళ్ళ మీద కూర్చుని, కోటు పైకెత్తి, మంచు తీసి తొడకు అద్దుకుంటున్నాడు.

డొలీనా కారు తలుపు కూడా వెయ్యకుండా పరుగెత్తింది. "ఎర్రది పోయిందా? నేనే మార్చా. నేనే, యాంగస్. నీకు చెప్పకుండా—"

"తెలుసు" అన్నాడు ఆయన పళ్ళ బిగువున. "బయల్దేరేముందు మూత తీసి చూశా. పసుపుది మళ్ళీ పెట్టా. నా దగ్గర ఇంకోటి ఉంది."

కోటు వైరూ బండి వైరూ కలిసేచోట ప్లగ్గు కరిగి నల్లటి ముద్దయింది. ప్యాంటులో చిల్లి పడింది. చిల్లి లోపల తొడ మీద బొబ్బ, అంచులు ఎర్రగా.

"లాగుతుంటే ఊడదే! అతుక్కుపోయింది. తొడుగు తీసి చేత్తో లాగా. ఈలోపు చేతులు పోయాయి." చేతులు ముందుకు చాపాడు. వేళ్ళు తెల్లగా, ఎవరివో అయినట్టు ఉన్నాయి.

ఆవిడకు ఏడుపు, కోపం, ఊరట ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఏది ముందు రావాలో తేలక ఆయన వేళ్ళు పట్టుకుని తన ఏప్రను కింద, పొట్టకు ఆనించుకుంది. రాళ్ళు పెట్టుకున్నట్టుంది.

"పాలు" అన్నాడు యాంగస్. "ముందు ఆ పెట్టె సంగతి చూడు. గోల్‌స్పీలో మోర్వెన్ ఎదురుచూస్తూ ఉంటుంది."

పాలపెట్టె కారు వెనకసీట్లో ఎక్కింది, యాంగస్ ముందుసీట్లో. గోల్‌స్పీ దాకా కారు హీటరు బుసబుసమని వేడి ఊదుతూనే ఉంది. వేళ్ళలోకి రక్తం తిరిగొస్తుంటే ఆయన మూలిగాడు, అంతే.

మోర్వెన్ ఇన్వర్నెస్ సంఘం పిల్ల, పాతికేళ్ళుంటాయి. పెట్రోలు బంకు దీపాల కింద బండి మీద కూర్చుని ఉంది. యాంగస్ కారులోంచి కుంటుతూ దిగడం చూసి హెల్మెట్ అద్దం పైకెత్తింది.

"బండి ఏదీ?"

"బెరిడేల్ పైన" అన్నాడు యాంగస్. "ఆగిపోయింది. మీవాళ్ళు అడిగితే అదే చెప్పు. దాచకు."

పాలపెట్టె మోర్వెన్ బండికి మారింది. యాంగస్ టీ కోసం బంకులోకి వెళ్ళగానే ఆ పిల్ల డొలీనా దగ్గరికి జరిగింది.

"వైరు కాలిందా, మిసెస్ స్వాన్సన్?"

"నీకెలా తెలుసు?"

"వాసన. ఎంతది పెట్టారు?"

"ఇరవై."

మోర్వెన్ గొంతు తగ్గించింది. "నాది పాతిక. మీరు ఎవరితోనూ అనకండి. మా దగ్గర కూడా మీవాళ్ళ కట్టడే తెచ్చి పెట్టారు కదా, ఆగితే పేరు పోతుందని. మీ ఊరి నుంచి ఎవరొచ్చినా చూస్తుంటా, ఎర్రది ఎవరి బండికీ లేదు." అద్దం దించుకుని, బండి తిప్పుకుని వెళ్ళిపోయింది.

డొలీనా ఆ దీపం కనుమరుగయ్యేదాకా చూసింది. ఆ పిల్ల తొడ దగ్గర కూడా అదే ప్లగ్గు ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో నెలవారీ మీటింగు. నెలనెలా సూప్ కాచేది డొలీనాయే. బయట గోడ వారన బండ్లన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. లోపల హీటరు చుట్టూ మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, చలి కబుర్లు. యాంగస్ ఎవరూ చెప్పకముందే వెళ్ళి కెటిల్ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకున్నాడు.

"తొందరెందుకు యాంగస్, ఇంకా తీర్పు కాలేదు" అని ఎవరో నవ్వారు.

"సీటు పట్టుకుంటున్నా. తరవాత దొరకదేమో" అన్నాడు యాంగస్. కెటిల్ పిడిని తన వైపుకు తిప్పుకున్నాడు.

గోర్డన్ బడ్జ్ లేచి నిలబడ్డాడు. చెడ్డమనిషి కాదు. మంచులో ఆయన మోసినన్ని సీసాలు ఎవరూ మోయలేదు. అందుకే ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. "యాంగస్ మనలో పాతవాడు. నాకు బాధగానే ఉంది. కానీ కట్టడి అంటే కట్టడి. నిన్న రెండోసారి ఆగాడు. రక్తం మోసేవాడి బట్టలు వాడే చూసుకోవాలి. వైర్లలో తప్పేమీ లేదు, అందరివీ బాగానే నడుస్తున్నాయి కదా?"

అందరూ కప్పుల్లోకి చూశారు. ఒక్కడు కూడా తలెత్తలేదు. తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారని డొలీనా అప్పుడు గమనించింది. ఆవిడ గరిటె పక్కన పెట్టి, అల్మరాలోంచి ఒక సాసరు తీసుకుని, వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది.

కిటికీలోంచి అందరికీ కనిపిస్తూనే ఉంది. ఏప్రనుతో, ఊపిరి పొగలు కక్కుతూ, ఒక్కో బండి దగ్గర వంగి రబ్బరు మూత లాగుతోంది. లోపల ఒకతను సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "ఏం చేస్తోంది మీ ఆవిడ?" అని గోర్డన్ అడిగాడు.

"నాకు తెలిస్తే కదా" అన్నాడు యాంగస్. ఆయన మొహం కందగడ్డయింది.

డొలీనా తిరిగొచ్చి సాసరును గోర్డన్ ముందు బల్ల మీద పెట్టింది. ఇరవైలు పసుపువి, పాతికలు తెల్లవి, వాటి మధ్య, కాలిపోయినదే మళ్ళీ పనిచెయ్యాలని సిగరెట్ పెట్టె లోపలి వెండికాగితం చుట్టినది ఒకటి. ఎర్రది లేదు.

"అందరివీ బాగానే నడుస్తున్నాయన్నావుగా" అంది. "ఇలా నడుస్తున్నాయి. ఆ తీగ పదికి మించి మొయ్యదు. అందరికీ తెలుసు. ఆగితే కెటిల్ అన్నావు. అందుకని ఆగకుండా కాలుతున్నారు. మా ఆయన తొడ మీద బొబ్బ ఉంది, చూపించమంటావా? కట్టడి నీది, వైరు నీది. మర్యాద మటుకు ఆయనది పోవాలా?"

వెండికాగితం యజమాని తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"డొలీనా, చాలు" అన్నాడు యాంగస్ మెల్లగా.

"చాల్లేదు. నీ బండి నేను ముట్టుకోలేదు గోర్డన్. అది నీ ఇష్టం" అంది ఆవిడ.

ఇప్పుడు తలలన్నీ లేచాయి. గోర్డన్ సాసరును పక్కకు జరిపాడు. తరవాత టోపీ పెట్టుకోకుండానే బయటికి నడిచాడు. తలుపు తెరిచినప్పుడు చలి లోపలికి కొట్టింది. కిటికీలోంచి ఆయన బట్టతల బండి పక్కన వంగడం కనిపించింది. అంత సేపు పట్టే పని కాదు. అయినా ఆయన అలాగే వంగి ఉన్నాడు.

వచ్చి పిడికిలి విప్పి సాసరులో వేశాడు. ఆకుపచ్చది. ముప్ఫై.

ఎవరూ నవ్వలేదు. గోర్డన్ నిలబడలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి కింద చూపించాడు. పాత కాలిన మచ్చ, నున్నగా మెరుస్తోంది. "రెండేళ్ళయింది. మా ఆవిడకు ఇస్త్రీపెట్టె అని చెప్పా" అన్నాడు. "నువ్వు ఇస్త్రీ చేశావంటే ఆవిడ నమ్మిందా?" అని యాంగస్ అడిగాడు. అప్పుడు మాత్రం ఒకరిద్దరి మూతులు వంకర్లు పోయాయి.

"రేపు బ్రెమ్నర్‌తో మాట్లాడతా, లావు తీగలు వేయిస్తా" అన్నాడు గోర్డన్ ఎవరి వంకా చూడకుండా. "అప్పటిదాకా అందరికీ ఎర్రది. ప్యాంట్లు ఇంట్లో పెట్టండి."

"మరి కాళ్ళకు?"

"మీ ఆడవాళ్ళ ఉన్ని లాగులు తొడుక్కోండి" అంది డొలీనా. "ఎవడూ విప్పి చూడడు."

గోర్డన్ లేచి కెటిల్ దగ్గరికి వెళ్ళాడు. యాంగస్ కప్పు తీసుకుని తనే టీ పోశాడు. ఒలికింది కొంచెం. "కాలు మానాక గోల్‌స్పీ వంతు నీదే. మళ్ళీ ఆగితే..." అని ఆగాడు. "ఆగితే నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా నేనే కారేసుకొస్తా. ఎవరు ఆగినా సరే."

యాంగస్ కప్పును రెండు చేతులా పట్టుకున్నాడు. తాగలేదు, పట్టుకుని కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో, "నా పరువు తీశావే" అన్నాడు. ఇల్లు దగ్గరపడుతుండగా, "ఆ సాసరు కడిగి పెట్టావా?" అన్నాడు.

కాలు మానాక మొదటి శనివారం ఫోన్ మోగింది. లావు తీగ వేయించుకునే వంతు ఆయన బండికి ఇంకా రాలేదు. యాంగస్ కోటు, చేతితొడుగులు వేసుకున్నాడు, లోపల ఆవిడ బూడిదరంగు ఉన్ని లాగు తొడుక్కుని తిట్టుకున్నాడు. సీటు పక్కన మూత తీసి ఎర్రది చూపించి మళ్ళీ మూశాడు. డొలీనా షెడ్డు గుమ్మంలో నిలబడి చప్పుడు దూరమయ్యేదాకా వింది. తరవాత కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. భయం ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఇవాళ ఆవిడ భయపడింది చలికి ఒక్కదానికే.